గంటల కోట: ఎందుకు చచ్చామో తెలిసేలా ఆట కట్టడం (ప్రాజెక్టు డైరీ)

చేస్తున్నది చిన్న వీడియో గేమ్. ఒకే ప్రాంతం: సగం నీట మునిగిన పాత కోట, మధ్యలో గంట గోపురం. ఒక చెక్‌పాయింట్ (చచ్చాక మళ్లీ లేచే చోటు), మూడు షార్ట్‌కట్‌లు, నాలుగు రకాల శత్రువులు, చివర ఒక బాస్ (పెద్ద శత్రువు). ఇంజిన్ (ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్) గోడాట్ 4, ఫార్వర్డ్ ప్లస్ రెండరర్ (బొమ్మ గీసే భాగం), ఫిజిక్స్ (కదలిక, తాకిడి లెక్క) సెకనుకి 60 టిక్‌లు. కింద ఎక్కడ ఫ్రేమ్ అన్నా ఆ టిక్కే, అంటే 16.7 మిల్లీసెకన్లు.

2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్ వచ్చాక ఈ తరహా ఆటలు చేయాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా పట్టుకునేది కష్టాన్ని. శత్రువు దెబ్బ పెంచుతారు, ఆటగాడి ప్రాణం తగ్గిస్తారు. అక్కడే ఆట చెడిపోతుంది. మేం పట్టుకున్న సూత్రం ఒక్కటే: చచ్చిన ప్రతిసారీ ఆటగాడు కారణాన్ని ఒక్క మాటలో చెప్పగలగాలి. "ఆశపడి ఇంకో దెబ్బ వేశా." "పైన విలుకాడున్నాడని మర్చిపోయా." అలా చెప్పలేకపోతే తప్పు ఆటది. పొగమంచు, చీకటి, నిశ్శబ్దం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అవి అందం కోసం ఎంత ఉన్నా, ఆటగాడికి సమాచారం ఇచ్చేవి, దాచేవి కూడా అవే.

1వ వారం: రోల్, స్టామినా

శత్రువుల్ని ముట్టుకోకముందే రోల్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) తేల్చుకోవాలి. మిగతా అంకెలన్నీ దాని మీదే నిలబడతాయి. ఇప్పటి లెక్క: మొత్తం 42 ఫ్రేమ్‌లు. 3 నుంచి 16 దాకా దెబ్బ తగలదు, అంటే 14 ఫ్రేమ్‌లు, సుమారు 233 మిల్లీసెకన్లు. 17 నుంచి 30 దాకా ఇంకా దొర్లుతూనే ఉంటాడు కానీ దెబ్బ తగులుతుంది. 31 నుంచి వేరే పని మొదలుపెట్టొచ్చు. దొర్లే దూరం 3.8 మీటర్లు.

మొదట రక్షణ 20 ఫ్రేమ్‌లు ఇచ్చాం. ఆడటానికి హాయిగానే ఉంది, కానీ రోల్ ఎప్పుడు నొక్కినా చెల్లిపోతోంది. శత్రువు వైపు చూడాల్సిన పనే లేకుండా పోయింది. 9కి దించితే చూసి నొక్కినవాళ్లకీ తగులుతోంది. టీవీ, కంట్రోలర్ కలిసి 50 నుంచి 100 మిల్లీసెకన్ల ఆలస్యం తేవడం మామూలే, అంటే 3 నుంచి 6 ఫ్రేమ్‌లు ఆటగాడి చేతిలో లేనట్టే. ఆ వాటా తీసేసి చూసుకున్నాక 14 దగ్గర ఆగాం.

డార్క్ సోల్స్ 2లో ఈ రక్షణ ఫ్రేమ్‌ల సంఖ్యని అడాప్టబిలిటీ అనే స్టాట్ (ఆటగాడు పెంచుకునే గుణం అంకె) మార్చేది. ఆ సంగతి తెలియని కొత్త ఆటగాడికి తన రోల్ ఎందుకు పనిచేయట్లేదో ఎప్పటికీ తెలియదు. మా సూత్రానికి అది నేరుగా అడ్డం, కాబట్టి స్టాట్‌కి కట్టలేదు. బరువుకి మాత్రం కట్టాం, ఎందుకంటే బరువు కంటికి కనిపిస్తుంది: భారీ కవచం వేసుకున్నవాడు మెల్లగా దొర్లుతాడంటే ఎవరూ వాదించరు. 2011 ఆటలో 25, 50 శాతాల దగ్గర రోల్ మారేది. అదే స్టూడియో తర్వాత చేసిన ఎల్డెన్ రింగ్‌లో మధ్యరకం రోల్ 70 శాతం దాకా దొరుకుతుంది. మాకు ఒకే గీత, 70 శాతం. దాటితే రోల్ 54 ఫ్రేమ్‌లు, దూరం 2.6 మీటర్లు. రక్షణ మాత్రం అదే 14.

రోల్, పరుగు ఒకే బటన్ మీద పెడితే ఒక చిక్కు ఉంది. నొక్కగానే ఏది కావాలో ఆటకి తెలియదు కాబట్టి వేలు ఎత్తాకే రోల్ మొదలుపెట్టాలి. మామూలుగా నొక్కి ఎత్తేసరికి 5 నుంచి 8 ఫ్రేమ్‌లు పోతాయి. రక్షణే 14 ఫ్రేమ్‌లున్నచోట ఇది పెద్ద ముక్క. పరుగుని వేరే బటన్‌కి మార్చాం, రోల్ నొక్కగానే మొదలవుతుంది.

ఇన్‌పుట్ బఫర్ (ముందుగా నొక్కిన బటన్‌ని ఆట గుర్తుంచుకునే వ్యవధి) మొదట 12 ఫ్రేమ్‌లు. కంగారులో రెండుసార్లు నొక్కితే రెండో రోల్ కూడా తప్పకుండా జరిగిపోయేది, రెండో రోల్ చివర దెబ్బ తినేవాళ్లు. 8కి తగ్గించాం. బఫర్‌లో చివరి నొక్కుడు ఒక్కటే ఉంటుంది, దెబ్బ తగిలితే బఫర్ ఖాళీ అవుతుంది. ఈ ఖాళీ చేసే ముక్క మర్చిపోతే, దెబ్బ తిని లేచిన వెంటనే ఆటగాడు అడగని కత్తి ఊపు ఒకటి వస్తుంది. "నేను నొక్కలేదు" అని వాళ్లనేది నిజమే అవుతుంది.

స్టామినా, అంటే దమ్ము, 100. చిన్న దెబ్బ 18, పెద్ద దెబ్బ 32, రోల్ 22. ఆగిన 30 ఫ్రేమ్‌ల తర్వాత సెకనుకి 45 చొప్పున నిండుతుంది, డాలు ఎత్తి ఉంటే అందులో 30 శాతమే. సున్నా కంటే ఎంత మిగిలినా పని చేయనిస్తాం, లెక్క కిందికి పోతుంది. ఐదు చిన్న దెబ్బలు వేస్తే 10 మిగులుతుంది. అప్పుడు రోల్ చేస్తే మైనస్ 12. మళ్లీ సున్నా దాటడానికి అర సెకను ఆగడం, దాని మీద 0.27 సెకను నిండటం, మొత్తం 46 ఫ్రేమ్‌లు. చిన్న శత్రువు కత్తి ఎత్తి కొట్టడానికి 36 ఫ్రేమ్‌లు పడుతుంది. ఆ 10 ఫ్రేమ్‌ల తేడాలోనే అత్యాశకి శిక్ష ఉంది, స్టామినా చూపే ఆకుపచ్చ గీత ఖాళీగా కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఎవరూ ఆటని తిట్టుకోరు.

2వ వారం: కెమెరా

చెప్పుకోవాల్సింది తక్కువ. స్ప్రింగ్ ఆర్మ్ (ఆటగాడి వెనక కెమెరాని పట్టుకునే చెయ్యి) 3.2 మీటర్లు, వీక్షణ కోణం 70 డిగ్రీలు. కెమెరా ఆటగాడి వెనక గోడకి గుద్దుకుని మెడ మీదకి వచ్చేస్తే ఎదురుగా ఉన్న శత్రువు కనపడడు, ఆ చావుకి కారణం కెమెరానే. అందుకని గదుల కొలతలే కెమెరా నుంచి తీశాం: పోరాటం జరిగే చోట పైకప్పు 3.5 మీటర్లకి తక్కువ ఉండదు, వెడల్పు 6 మీటర్లకి తక్కువ ఉండదు. ఇరుకు సందుల్లో శత్రువు ఒక్కడే, ముందు నుంచే.

3వ వారం: శత్రువు కత్తి ఎత్తడం

ఈ తరహా ఆటకి ప్రాణం ఇక్కడే ఉంది. ఒక దెబ్బలో మూడు ముక్కలు: ఎత్తడం, తగలడం, తేరుకోవడం. ఎత్తడం అంటే ఆటగాడితో మాట్లాడటం, తేరుకోవడం అంటే అతనికి అవకాశం ఇవ్వడం.

కంటికి ఏదో కనపడగానే ఒకే బటన్ నొక్కమంటే మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అదేమిటో పోల్చుకుని, రోలా డాలా అని తేల్చుకుని నొక్కాలంటే ఇంకా ఎక్కువ. దానికి తెర ఆలస్యం కలపాలి. 24 ఫ్రేమ్‌ల కంటే తక్కువ ఎత్తుడు ఉన్న దెబ్బని మొదటిసారి చూసి తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే చిన్న శత్రువులకి కనీసం 36 ఫ్రేమ్‌లు అని గీత గీశాం. 24కి తక్కువ ఉన్నవి రెండే, అవి రెండూ వరుస దెబ్బల్లో రెండోవి. మొదటి దెబ్బే వాటికి హెచ్చరిక.

ఆపి ఆపి కొట్టే దెబ్బ ఒక్క శత్రువుకే పెట్టాం, గోపురం కాపలావాడికి. ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే బాస్ కర్ర ఎత్తి ఆగడం ఆడినవాళ్లెవరికైనా గుర్తుండే ఉంటుంది. మొదటి వెర్షన్‌లో మా వాడు కత్తి ఎత్తి 70 ఫ్రేమ్‌లు బొమ్మలా నిలబడి, తర్వాత కొట్టేవాడు. అందరూ 30వ ఫ్రేమ్ దగ్గర రోల్ చేసేసి, లేచేసరికి తల మీద దెబ్బ తినేవాళ్లు. పదిసార్లు తిన్నాక అంకె కంఠతా వచ్చేది, అంతే. నేర్చుకున్నది శత్రువుని కాదు, ఒక అంకెని.

తప్పు ఆగడంలో లేదు, ఆగినప్పుడు ఒంట్లో కదలిక లేకపోవడంలో ఉంది. ఇప్పుడు ఆ 70 ఫ్రేమ్‌లు ఇలా సాగుతాయి: 1 నుంచి 22 దాకా కత్తి పైకి, గొలుసు కవచం చప్పుడు. 23 నుంచి 52 దాకా కత్తి కదలదు కానీ ఛాతీ మెల్లగా ఉబ్బుతుంది, ఊపిరి పీల్చే శబ్దం వినిపిస్తుంది. 53లో ఊపిరి ఆగిపోతుంది. 56లో వెనక మడమ నేల మీద తిరుగుతుంది, రాయి మీద ఇనుము రాసుకున్న చప్పుడు. 70లో కత్తి దిగుతుంది. మడమ తిరగడానికి, కత్తి దిగడానికి మధ్య 14 ఫ్రేమ్‌లు, రోల్ రక్షణ ఎంతో అంత. ఊపిరి విన్నవాడు సిద్ధపడతాడు, మడమ చూసినవాడు నొక్కుతాడు. రెండో మూడో ప్రయత్నంలోనే పరీక్షకులు "వాడు ఊపిరి బిగబట్టాక కొడతాడు" అని చెప్పగలిగారు. మాకు కావాల్సిన వాక్యం అదే.

తిరుగుడు వేగం కూడా చూసుకోవాలి. ఎత్తేటప్పుడు శత్రువు ఆటగాడి వైపు సెకనుకి 180 డిగ్రీల చొప్పున తిరుగుతాడు, తగిలే ఫ్రేమ్‌కి 10 ఫ్రేమ్‌ల ముందు ఆ వేగం సున్నా అయిపోవాలి. చివరిదాకా తిరగనిస్తే పక్కకి దొర్లినవాడి వెంట కత్తి గాలిలో వంకర తిరిగి వస్తుంది. యానిమేషన్ ప్లేయర్‌లో మెథడ్ ట్రాక్ (ఫలానా ఫ్రేమ్‌లో ఫలానా కోడ్‌ని పిలిచే వరుస) పెట్టి ఈ వేగం మారుస్తున్నాం. ఇక్కడ రెండు సెట్టింగులు సరిచూసుకోండి. యానిమేషన్ మామూలుగా డ్రాయింగ్ ఫ్రేమ్‌తో నడుస్తుంది, దాన్ని ఫిజిక్స్‌కి మార్చాలి. లేకపోతే తెర మీద డ్రాయింగ్ సెకనుకి 40 ఫ్రేమ్‌లకి పడిపోయినప్పుడు తగిలే సమయం జరిగిపోతుంది. మెథడ్ పిలుపు మామూలుగా వాయిదా పద్ధతిలో ఉంటుంది, దాన్ని వెంటనే పిలిచేలా పెట్టాలి.

4వ వారం: కత్తి తగలడం

"కత్తి నాలోంచి దూరిపోయింది, తగల్లేదు" అని ఒక ఫిర్యాదు. లెక్క వేస్తే బోధపడింది. ఊపు 140 డిగ్రీలు, కత్తి మొన భుజానికి 1.6 మీటర్ల దూరంలో ఉంది. మొన నడిచే దారి సుమారు 3.9 మీటర్లు. తగిలే ఫ్రేమ్‌లు నాలుగు కాబట్టి ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 98 సెంటీమీటర్లు. శత్రువు శరీరం వెడల్పు 70 సెంటీమీటర్లు. అంటే ఒక ఫ్రేమ్‌లో కత్తి ఇవతల, తర్వాతి ఫ్రేమ్‌లో అవతల, మధ్యలో మనిషి క్షేమం.

తాకిడి చూడటానికి కత్తికి తగిలించిన ఏరియా తీసేశాం. పిడి దగ్గర, మధ్యలో, మొన దగ్గర మూడు గుర్తులు పెట్టి, ప్రతి టిక్‌లో పాత చోటు నుంచి కొత్త చోటుకి ఒక్కో కిరణం వేస్తున్నాం. వంపు దారికి బదులు తిన్నని గీత వాడుతున్నాం కాబట్టి మొన దగ్గర గరిష్ఠంగా 7 సెంటీమీటర్ల తేడా వస్తుంది, అది కంటికి ఆనదు. ఒక ఊపులో తగిలినవాళ్ల జాబితా ఒకటి ఉంచుకోవాలి, లేకపోతే మూడు గుర్తులూ మూడు దెబ్బలు వేస్తాయి. ఊపు మొదలయ్యే ఫ్రేమ్‌లో పాత చోటుని కొత్తగా నింపడం మర్చిపోవద్దు. మర్చిపోతే పోయిన ఊపు ఆగినచోటు నుంచి ఇప్పటి చోటుకి ఒక పొడవాటి కిరణం పడి, పక్క గదిలో ఉన్నవాడికి తగులుతుంది.

ఆటగాడికి దెబ్బ తగిలే శరీరం నడిచే శరీరం కంటే సన్నగా ఉండాలి. నడిచే క్యాప్సూల్ వ్యాసార్థం 0.35 మీటర్లు, దెబ్బ తగిలేది 0.28. అంచులో ఉన్న సందేహం ఆటగాడి పక్షాన తేలాలి. శత్రువుకి ఉల్టా, కొంచెం లావుగా. రోల్‌లో ఉన్నప్పుడు ఈ శరీరాన్ని ఆపేయడానికి కొలిజన్ షేప్‌ని డిసేబుల్ చేయొద్దు. ఆ మార్పు ఫిజిక్స్ దశ ముగిశాకే అమలవుతుంది, ఒక ఫ్రేమ్ జారిపోతుంది. "రక్షణలో ఉన్నాడా" అని ఒక బూలియన్ (అవును/కాదు విలువ) పెట్టి, దెబ్బ లెక్కవేసేచోట చూస్తే చాలు.

దెబ్బ బరువు తెలియడానికి చిన్న ఆగుడు: చిన్న దెబ్బకి 4 ఫ్రేమ్‌లు, పెద్దదానికి 7. మొత్తం ఆట కాలాన్ని ఆపకుండా, కొట్టినవాడి, తిన్నవాడి యానిమేషన్ వేగాన్ని మాత్రమే సున్నా చేస్తున్నాం. మూడో శత్రువు కూడా ఆగిపోతే వాడి దెబ్బ లెక్క ఆటగాడి మనసులో తప్పుతుంది.

5, 6 వారాలు: కోట పటం

గ్రే బాక్స్‌తో (రంగులు లేని ఉత్త దిమ్మెలతో) కట్టి, నడిచి, స్టాప్‌వాచ్‌తో కొలిచాం. పరుగు సెకనుకి 6 మీటర్లు. చెక్‌పాయింట్ నుంచి బాస్ తలుపు దాకా మొదటి దారిలో 90 సెకన్లు. కొత్త బాస్ ముందు మొదటి ప్రయత్నాలు 30, 40 సెకన్లలో ముగుస్తాయి. ఆ లెక్కన ఆటగాడు ఆడే సమయంలో మూడింట రెండు వంతులకి పైగా నడకే, నేర్చుకునేది మూడో వంతు కూడా కాదు. మూడో షార్ట్‌కట్, గోపురం కింద నీటి తూము, దీని కోసమే వచ్చింది. అది తెరిచాక 35 సెకన్లు. ఎల్డెన్ రింగ్‌లో 2022లో స్టేక్స్ ఆఫ్ మారికా అని కొన్ని పోరాటాల పక్కనే లేచే చోట్లు పెట్టారు, నడక పూర్తిగా తీసేసే ఆలోచన అది. మాకు ఆ 35 సెకన్లు కావాలి. చెయ్యి చల్లబడటానికి, ఏం తప్పు చేశామో తలచుకోవడానికి ఆ మాత్రం వ్యవధి సరిపోతుంది. అందుకే ఆ దారిలో తప్పనిసరిగా కొట్లాడాల్సిన శత్రువు లేడు.

షార్ట్‌కట్ గురించి నమూనా మనకి 2011లోనే డార్క్ సోల్స్‌లో దొరికింది. అన్‌డెడ్ పారిష్‌లో లిఫ్ట్ ఎక్కి దిగితే ఫైర్‌లింక్ ష్రైన్‌లో తేలడం. ఎంతో దూరం వచ్చేశామనుకున్న మనిషికి మొదలుపెట్టిన చోటే కనిపిస్తుంది, భయం దిగిపోతుంది, పటం మొత్తం బుర్రలో ఒక్కసారి ముడిపడుతుంది. అక్కడ లార్డ్‌వెసెల్ అనే వస్తువు దొరికేదాకా నిప్పుల (అక్కడి చెక్‌పాయింట్‌ల) మధ్య ఎగిరి వెళ్లే వీలు లేదు కాబట్టే ఆ లిఫ్ట్‌కి అంత విలువ. మా ఆటలోనూ ఎగిరి వెళ్లడం లేదు. షార్ట్‌కట్ పనిచేయాలంటే ఒక షరతు ఉంది: దాని అవతలి ముఖం ఆటగాడు ముందే చూసి ఉండాలి. మూసిన ఇనుప గేటు చెక్‌పాయింట్ నుంచి 8 మీటర్లలో, కళ్లెదుటే ఉంది. 25 నిమిషాల తర్వాత అదే గేటుని వెనక నుంచి తెరుస్తాడు. మొదట దాన్ని మెట్ల మలుపులో పెట్టాం. తెరిచినవాళ్లు ఎక్కడికొచ్చామో పోల్చుకోలేక ఆ చుట్టంతా మళ్లీ నడిచారు.

శత్రువుల్ని పెట్టే వరుసలో పాఠం ఉండాలి. బల్లెం వాడు మొదట విశాలమైన ముంగిట్లో, ఒంటరిగా, వీపు చూపిస్తూ. రెండోసారి అదే వాడు 2 మీటర్ల వెడల్పు వంతెన మీద. మూడోసారి అదే వంతెన, పైన విలుకాడు. కొత్త శత్రువు, కొత్త చోటు రెండూ ఒకేసారి రాకూడదు.

మాటు వేయడం మీద మా నియమం: ఏ మాటు అయినా, జరగకముందు కనీసం ఒక చోటు నుంచి కనపడాలి లేదా వినపడాలి. డార్క్ సోల్స్‌లో సెన్స్ ఫోర్ట్రెస్ తలుపు దాటగానే నేల మీద ఒక పలక ఉంటుంది, తొక్కితే బాణాలు. కింద చూసి నడిచేవాడికి అది ముందే కనిపిస్తుంది, చూడనివాడికి ఆ కోట పద్ధతి ఒక్క దెబ్బలో తెలుస్తుంది. మా ధాన్యం గదిలో దూలం మీద నుంచి దూకేవాడి నీడ గుమ్మం దగ్గరే నేల మీద పడుతుంది. నీడ కోసం కాగడాని దూలానికి 1.5 మీటర్లు వెనక్కి, 40 సెంటీమీటర్లు పైకి జరపాల్సి వచ్చింది.

7వ వారం: పొగమంచు, శబ్దం

వాల్యూమెట్రిక్ పొగమంచు (గాలిలో నిజంగా నిండి ఉన్నట్టు కనిపించే మంచు) సాంద్రత గోడాట్‌లో మామూలుగా 0.05 ఉంటుంది. ఆ అంకెతో 12 మీటర్ల దూరంలో వస్తువు కాంతి 55 శాతమే కంటికి చేరుతుంది, 30 మీటర్ల దగ్గర 22. చూడటానికి గొప్పగా ఉంది. కానీ మా శత్రువు ఆటగాణ్ణి పసిగట్టే దూరం 12 మీటర్లు, అంటే వాడికి మనం కనపడుతున్నాం, మనకి వాడు సగమే. 0.02కి దించితే 12 మీటర్ల దగ్గర 79 శాతం, 30 దగ్గర 55. దట్టమైన మంచు కావాల్సినచోట, అంటే నీటి మీద, లోయలో, ఫాగ్ వాల్యూమ్‌లు (ఆ చోటుకే పరిమితమైన మంచు ముద్దలు) వేరుగా పెట్టాం. అక్కడ శత్రువులు లేరు.

చీకటిలో ఆకారం తెలుస్తోందా అని చూడటానికి సులువైన పద్ధతి: స్క్రీన్‌షాట్‌ని నలుపు తెలుపు చేసి, పావు సైజుకి కుదించి చూడండి. శత్రువు ఎక్కడున్నాడో చూపించలేకపోతే వెనకాల గోడ రంగు మార్చాలి. శత్రువు మీద లైటు పెంచడం కంటే వెనక గోడని పాలిపోయినట్టు చేయడం మేలు, చీకటి అలాగే ఉంటుంది, ఆకారం మాత్రం తేలుతుంది. చేత్తో పట్టుకున్న కాగడా కదులుతుంటే మంచులో తోకలాగా వెలుగు మిగిలిపోయేది. దానికి కారణం టెంపోరల్ రీప్రొజెక్షన్ (ముందు ఫ్రేమ్‌ల మంచుని ఇప్పటిదాంతో కలపడం), మామూలు విలువ 0.9. దాన్ని తగ్గిస్తే మంచు మిణుకుమంటోంది. చివరికి ఆ ఒక్క కాగడాకి మంచు మీద ప్రభావం సున్నా చేశాం.

కోటలో సంగీతం లేదు. డార్క్ సోల్స్‌లోనూ చాలా ప్రాంతాల్లో లేదు, అందుకే అక్కడ బాస్ గదిలో సంగీతం మొదలవగానే ఒళ్లు ఝల్లుమంటుంది. సంగీతం లేనప్పుడు చెవి పనిచేస్తుంది: గాలి, నీటి చుక్క, గొలుసు. కవచం చప్పుడు 15 మీటర్ల నుంచి వినిపిస్తుంది, పసిగట్టే దూరం కంటే 3 మీటర్లు ఎక్కువ. జాగ్రత్తగా నడిచేవాడికి ఆ 3 మీటర్లే బహుమానం. నీటి చుక్కల శబ్దం కవచం శబ్దంతో ఒకే శ్రుతిలో పడి దాన్ని మింగేసింది, చుక్కల్ని 6 డెసిబెల్స్ తగ్గించాం.

8వ వారం: మందు, చావు

2009 నాటి డీమన్స్ సోల్స్‌లో ప్రాణం నింపే మందు గడ్డి రూపంలో దొరికే సరుకు. 2011లో నిప్పు దగ్గర కూర్చుంటే మళ్లీ నిండే ఎస్టస్ అనే సీసా వచ్చింది, మొదట ఐదు గుక్కలు. 2015లో బ్లడ్‌బోర్న్ మళ్లీ సరుకు పద్ధతికే వెళ్లింది, ఒకసారికి 20 రక్తపు సీసాలు. సరుకు పద్ధతిలో బాధ ఏమిటంటే, ఎక్కువసార్లు ఓడినవాడికే సీసాలు అయిపోతాయి. సాధన చేయాల్సిన సమయంలో సీసాలు ఏరుకోవాలి. మేం నిండే పద్ధతే తీసుకున్నాం: ఐదు గుక్కలు, ఒక్కో గుక్కకి 45 శాతం. తాగడం 84 ఫ్రేమ్‌లు, ప్రాణం పెరిగేది 50వ ఫ్రేమ్‌లో, ఆ లోపు దెబ్బ తగిలితే గుక్క ఖర్చవదు. ఈ చివరిది మాలో వాదనకి దారితీసింది. ఖర్చు చేస్తే ఒకే తప్పుకి రెండు శిక్షలు పడతాయన్న మాట నెగ్గింది.

చచ్చినప్పుడు కూడబెట్టింది అక్కడే పడిపోతుంది, తిరిగి వెళ్లి తెచ్చుకోవాలి, మధ్యలో మళ్లీ చస్తే పోయినట్టే. లోయలో పడినవాడి సొమ్ము లోయ అడుగున ఉంటే లాభం లేదు. నేల మీద నిలబడి ఉన్నంతసేపు ప్రతి అర సెకనుకీ చోటు రాసుకుంటున్నాం, నావిగేషన్ మెష్ (నడవగలిగే నేల పటం) అంచుకి 1 మీటరు లోపల ఉంటేనే. కదిలే లిఫ్ట్ మీద రాసుకోకూడదు. రాసుకుంటే లిఫ్ట్ పైకి వెళ్లాక సొమ్ము గాలిలో వేలాడుతుంది. చచ్చిన వెంటనే సేవ్: తాత్కాలిక ఫైలులో రాసి, పూర్తయ్యాక పేరు మార్చడం. నేరుగా పాత ఫైలు మీదే రాస్తే కరెంటు పోయినప్పుడు మొత్తం పోతుంది.

9, 10 వారాలు: గంట కాపరి

బాస్ ప్రాణం మొదట 3000. ఆటగాడి దెబ్బ 60, అంటే 50 దెబ్బలు. ఒక్కో సందులో (బాస్ తేరుకునే వ్యవధిలో) సగటున దెబ్బన్నర, సందు ఆరు సెకన్లకి ఒకసారి. లెక్క 200 సెకన్లకి తేలింది. రెండో నిమిషం తర్వాత కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, అలసట మాత్రమే. 1800కి దించాం: 30 దెబ్బలు, 20 సందులు, 120 సెకన్లు. ఆటగాడి ప్రాణం 100, బాస్ దెబ్బలు 28 నుంచి 45 దాకా. నిండు ప్రాణంతో ఉన్నవాణ్ణి ఒక్క దెబ్బతో చంపేది ఏదీ లేదు. ఒక్క దెబ్బకి చస్తే ఆ దెబ్బ చూసే అవకాశం ఒక్కసారే, రెండోది చూడాలంటే మళ్లీ 35 సెకన్లు నడవాలి.

మొత్తం ఏడు దెబ్బలు. ప్రతిదానికీ మొదటి 10 ఫ్రేమ్‌లలోనే వేరే శబ్దం. దెబ్బ ఎంపిక దూరాన్ని బట్టి: 3 మీటర్ల లోపు, 3 నుంచి 7, ఆపైన. ఒకే దెబ్బ వరుసగా మూడోసారి రాదు. తాగుతున్న ఆటగాడి మీదకి దూకడం ఒక్కటే సున్నితంగా చేయాల్సి వచ్చింది. తాగే బటన్ నొక్కిన ఫ్రేమ్‌లోనే బాస్ కదిలితే అది శత్రువు కాదు, ప్రోగ్రామ్ అని తెలిసిపోతుంది. అందుకని తాగడం మొదలైన 20 ఫ్రేమ్‌ల తర్వాత, 5 మీటర్ల కంటే దూరంగా ఉంటేనే, అదీ సగం సార్లే. కంటితో చూసి కదిలినట్టు ఉంటుంది. అంత దూరం నుంచి దూకి తగలడానికి 34 ఫ్రేమ్‌లు పడుతుంది, 54వ ఫ్రేమ్, అంటే గుక్క దిగిన నాలుగు ఫ్రేమ్‌ల తర్వాత.

లాక్ ఆన్ బిందువు (కెమెరా శత్రువు మీద గురిపెట్టే చోటు) తల మీద ఉంటే బాస్ దగ్గరికి వెళ్లగానే కెమెరా ఆకాశం చూస్తుంది, కాళ్లు కనపడవు. నడుము దగ్గరికి దించి, ఈ గదిలో మాత్రం వీక్షణ కోణం 78 చేశాం.

11వ వారం: మాటలు, పరీక్ష

వస్తువు వివరణ మూడు పంక్తులు దాటదు. డార్క్ సోల్స్ దర్శకుడు హిదెతకా మియాజాకి చిన్నప్పుడు ఇంగ్లీషు పుస్తకాలు పూర్తిగా అర్థం కాకపోయినా చదివి, అర్థం కాని చోట్లని ఊహతో పూరించుకునేవాడినని చెప్పారు. ఆ ఖాళీలు ఆయన ఆటల్లో కనిపిస్తాయి. కానీ ఖాళీ వదలడమంటే ఏమీ ఆలోచించకపోవడం కాదు. తూము తాళంచెవి ఒక అస్థిపంజరం చేతిలో ఉంది. అది తూము వైపు కాకుండా చెక్‌పాయింట్ వైపు పాకుతూ చచ్చింది. ఎందుకో మాకు తెలుసు, ఎక్కడా రాయలేదు.

ప్రతి చావుకీ ఒక వరుస లాగ్‌లో పడుతుంది: చోటు, ఏ దెబ్బ, అప్పటి ప్రాణం, స్టామినా, చివరి నొక్కుడు ఎన్ని ఫ్రేమ్‌ల ముందు. పక్కన కూర్చున్నవాళ్లు ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఎందుకు చచ్చావ్?" జవాబుని లాగ్ పక్కన రాస్తాం. రెండూ కలిస్తే ఆ చోటు వదిలేస్తాం, కష్టంగా ఉన్నా సరే. కలవకపోతే ఆ చోటు మళ్లీ కట్టాలి.

ఈ వారం కలవనివి రెండు. పడమటి మెట్ల దగ్గర చచ్చినవాళ్లు బల్లెం వాడి పేరు చెప్పారు, లాగ్‌లో మాత్రం విలుకాడి బాణం. బాణం శబ్దం బల్లెం అరుపులో కలిసిపోతోంది. విలుకాడు తీగ లాగే శబ్దాన్ని 30 ఫ్రేమ్‌లకి పొడిగించి, వాడి వెనక కిటికీ తెరిచి ఆకాశం మీద ఆకారం తేలేలా చేయాలి. రెండోది బాస్ ఐదో దెబ్బ, నేల మీద గంట ఈడ్చేది. "దూరంగా ఉన్నా తగిలింది" అంటున్నారు, లాగ్ చూస్తే గంట అంచు నుంచి 40 సెంటీమీటర్ల బయట తగులుతోంది. గంట బొమ్మని పోయిన వారం 90 శాతానికి కుదించాం, మూడు గుర్తులు మాత్రం పాత చోటే ఉండిపోయాయి. గుర్తుల్ని గంట ఎముకకే (యానిమేషన్‌లో గంటని కదిపే భాగానికే) తగిలిస్తే ఇకపై దాంతోపాటే కుదించుకుంటాయి. రేపు ముందు ఆ పనే.